ఊళ్ళో టెన్త్, ఇంటర్ కుర్రాళ్ళు తాగుతున్నారు, అవగాహన కార్యక్రమం ఎలా పెట్టాలి? అన్నదానికి నా సమాధానం

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: మీది పలాస దగ్గర ఊరు, టెన్త్ ఇంటర్ చదివే కుర్రాళ్ళు సాయంత్రమైతే జీడితోటల్లో కూర్చుని బీర్లు తాగుతున్నారు, అమ్మవారి పండగ లోపు మీ యువజన సంఘం తరఫున ఒక ర్యాలీ, హైస్కూల్లో ఒక మీటింగు, నాలుగు ఫ్లెక్సీలు పెట్టాలనుకుంటున్నారు, దీనివల్ల ఏమైనా ఉపయోగం ఉంటుందా, ఇంకేం చెయ్యాలి అని.

సూటిగా చెప్పేస్తాను. ర్యాలీ వల్ల, ఫ్లెక్సీ వల్ల పిల్లలు తాగడం తగ్గదు. ముందు కూర్చోబెట్టాల్సింది పెద్దవాళ్ళని. పదిహేనేళ్ళ కుర్రాడి చేతికి మొదటి గ్లాసు ఎవరిస్తున్నారు, సీసా ఎక్కడ దొరుకుతోంది, డబ్బులు ఎక్కడివి, ఈ మూడూ ఊరు కూర్చుని మాట్లాడుకుని ఆపగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగం ఏంటంటే ఇప్పటికే రోజూ తాగేస్తున్న వాళ్ళని తిట్టకుండా, పరువు తియ్యకుండా ఆసుపత్రి దాకా చేర్చడం. ర్యాలీ చెయ్యాలనుంటే ఇవన్నీ అయ్యాక చెయ్యండి, అప్పుడు దానికో అర్థం ఉంటుంది.

నేను శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ తాగుడు మానిపించే కౌన్సిలింగ్ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను, స్కూళ్ళకీ వెళ్తాను, మహిళా సంఘాల మీటింగులకీ వెళ్తాను. స్కూల్లో నేను మాట్లాడే ముందు పిల్లలందరికీ తెల్ల చీటీలు ఇస్తాను, పేరు రాయొద్దు, మీరు ఎప్పుడైనా తాగి ఉంటే మొదటిసారి ఎవరిచ్చారో, ఎక్కడో మాత్రం రాయండి, తాగకపోతే ఇంట్లో మందు గురించి మీకు ఏది కష్టంగా ఉందో రాయండి అంటాను. ఆ చీటీల్లో "ఫ్రెండ్సు" అని ఉంటుందని టీచర్లు అనుకుంటారు. ఫ్రెండ్సు కూడా ఉంటారు గానీ "మావ", "బావ", "అన్నయ్య పెళ్ళిలో చిన్నాన్న", "కనుమ నాడు తాత" అన్నవే ఎక్కువ వస్తాయి. ఇక ఆడపిల్లల చీటీలు చదివితే గుండె పట్టేస్తుంది. ఒక పాప రాసింది, "మా నాన్న తాగొచ్చిన రోజు నేను పక్కింటి అప్ప వాళ్ళ వరండాలో లైటు కింద చదువుకుంటాను, పరీక్షలప్పుడు రోజూ అక్కడే". అలాంటి పిల్లల ముందు నిలబడి మద్యపానం హానికరం అని స్పీచ్ ఇస్తే వాళ్ళకి కొత్తగా తెలిసేది ఏముంటుంది చెప్పు.

అందుకే పెద్దవాళ్ళ మీటింగు ముందు అన్నాను. ఆ మీటింగులో మాట్లాడాల్సినవి చెప్తాను.

ఒకటి, పిల్లల్ని మందుకి పంపడం. "ఒరే, ఎల్లి ఓ క్వార్టరట్టుకురా, సిల్లర నువ్వుంచీసుకో" అనే మాట మన ఊళ్ళలో ఎంత మామూలైపోయిందో నీకూ తెలుసు. బెల్టు షాపు కిరాణా కొట్టు వెనకే ఉంటుంది, ఎనిమిదేళ్ళ గుంటడు కూడా చొక్కా లోపల సీసా పెట్టుకుని తెచ్చేస్తాడు. రోజూ తెచ్చేవాడికి ఆ సీసా అంటే భయం పోతుంది, కొన్నాళ్ళకి అడుగున మిగిలింది రుచి చూస్తాడు. ఇది చట్టప్రకారం కూడా చిన్న తప్పేం కాదు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో 77, 78 సెక్షన్లు ఉన్నాయి, 18 ఏళ్ళ లోపు పిల్లలకి మందు ఇచ్చినా, పిల్లలతో మందు అమ్మించినా, మోయించినా, తెప్పించినా ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మన రాష్ట్రంలో మందు కొనడానికి వయసు 21. ఈ రెండు ముక్కలు మీటింగులో చదివి వినిపించు, చాలామందికి నిజంగానే తెలీదు. కేసులు పెడతామని బెదిరించమని చెప్పట్లేదు, బెదిరిస్తే మీటింగుకే రారు. తెలిసేలా చెప్తే చాలు, మా అనుభవంలో తల్లులు ఆ సాయంత్రం నుంచే పిల్లల్ని పంపడం ఆపేస్తారు.

రెండు, పెళ్ళిళ్ళూ పండగలూ. సిరిమానోత్సవానికి విజయనగరంలో చుట్టాలు దిగినప్పుడు గానీ, మీ వైపు అమ్మవారి సంబరాలప్పుడు గానీ మగవాళ్ళ కూటమి వేరే కూర్చుంటుంది, అందులోకి మీసం మొలిచిన ప్రతి కుర్రాడినీ పిలుస్తారు. "ఏటవుద్దమ్మా, బీరే కదా, మా కళ్ళ ముందే తాగుతున్నాడు" అంటారు. కళ్ళ ముందు తాగితే హద్దులో ఉంటాడని వాళ్ళ నమ్మకం. నేను చూసినంతలో ఇంట్లో అనుమతి దొరికినవాడు బయట ఇంకా ధైర్యంగా తాగుతాడు.

బీరే కదా అన్న మాటకి లెక్క చెప్పు. 650 మిల్లీల స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉంటుంది, అంటే సుమారు 41 గ్రాములు. విస్కీ 60 మిల్లీల పెగ్గులో 20 గ్రాముల చిల్లర. అంటే ఒక్క బీరు సీసా తాగిన కుర్రాడు రెండు పెద్ద పెగ్గులు తాగినట్టే. నేను సీసా, గ్లాసు రెండూ బల్ల మీద పెట్టి రంగు నీళ్ళు పోసి చూపిస్తాను, మగవాళ్ళు కూడా ముందుకి వంగి చూస్తారు. కల్లు సంగతీ అంతే, పొద్దున్న దింపింది సాయంత్రానికి పులిసి మత్తు ఎక్కుతుంది, ఆరోగ్యమని చిన్నపిల్లలకి పట్టించేవాళ్ళు ఇంకా ఉన్నారు.

మూడు, డబ్బులు. 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో ప్రైవేటు షాపులు వచ్చాయి, అప్పుడే క్వార్టరు 99 రూపాయల రకాలు కూడా తెచ్చారు. ఇంటర్ కుర్రాడు ఒక్క రాత్రి క్యాటరింగ్‌లో సర్వింగ్‌కి వెళ్తే నాలుగైదు వందలు తెచ్చుకుంటాడు. సెలవుల్లో జీడి బట్టీలకీ, లారీ లోడింగులకీ వెళ్ళేవాళ్ళూ ఉంటారు. పనికి తీసుకెళ్ళే మేస్త్రీలతో మాట్లాడండి, పని అయ్యాక రాత్రి పార్టీ ఇచ్చే అలవాటు వాళ్ళకి ఉంటుంది, అందులో మైనర్లకి ఇవ్వొద్దని, కుర్రాళ్ళ కూలి ఇంటికి ఇవ్వమని అడగండి. ఇది ఎవరూ పట్టించుకోని చోటు, నీ సంఘం చెయ్యగలిగిన పని కూడా.

ఇంత చిన్న వయసు గురించే ఎందుకు ఇంత పట్టు అని ఎవరైనా అడుగుతారు, పెద్దయ్యాక ఎలాగూ తాగుతాడు కదా అంటారు. కారణం ఉంది. మెదడు పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్ళు పడుతుంది, ముందు వెనకా ఆలోచించి ఆగే భాగం చివర్లో తయారవుతుంది. అమెరికాలో పెద్దవాళ్ళ మీద చేసిన సర్వేలో 15 ఏళ్ళ లోపు మొదలెట్టినవాళ్ళలో తాగుడికి బానిసలయ్యేవాళ్ళు, 21కి మొదలెట్టినవాళ్ళతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. మన దేశంలో 2019లో కేంద్రం బయటపెట్టిన ఎయిమ్స్ సర్వే ప్రకారం 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో తాగేవాళ్ళు 1.3 శాతం. ఈ అంకె పిల్లలకి తప్పకుండా చెప్పు. ఎందుకంటే తాగే కుర్రాడు "అందరూ తాగుతున్నార్రా" అని నమ్ముతాడు, తాగనివాడు తానొక్కడే వెనకబడ్డానని సిగ్గుపడతాడు. మీ ఊళ్ళో కొంచెం ఎక్కువే ఉండొచ్చు, అయినా తాగని పిల్లలే ఎక్కువమంది ఉంటారు, చీటీలు లెక్కపెడితే వాళ్ళకే కనిపిస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త చెప్తాను, ఇది కాస్త పొడుగ్గా రాస్తాను ఎందుకంటే దీనిమీద ప్రాణాలు పోతాయి.

ఊళ్ళు ఒక్కోసారి ఆవేశంలో కట్టుబాటు పెట్టేస్తాయి. అమ్మవారి గుడి దగ్గర తాగేవాళ్ళందరి చేతా పసుపు ముట్టించి ఒట్టు వేయిస్తారు, తాగితే ఇంత జరిమానా అని రాసుకుంటారు. అప్పుడప్పుడు తాగేవాడికి దానితో ఇబ్బంది లేదు. కానీ ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే మొదలెట్టేవాడు ఒక్కసారిగా ఆపేస్తే అది ప్రాణాపాయం. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు, నిద్ర ఉండదు, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావొచ్చు, రెండో మూడో రోజుకి మనిషికి మతి తప్పిపోవచ్చు. అలా ఒట్టేసి మానేసిన ఒకాయన్ని మూడో రోజు రాత్రి ఇంటివాళ్ళు మంచానికి కట్టేశారు, గోడంతా జెర్రులు పాకుతున్నాయని అరుస్తున్నాడు, భార్యని గుర్తుపట్టట్లేదు, ఒట్టు తప్పాడేమో అమ్మవారు పట్టిందని ఒకరు, గాలి సోకిందని ఒకరు, తాయెత్తు కట్టించారు. మా దగ్గరకి వచ్చేసరికి జ్వరం, గుండె దడ. ఆసుపత్రిలో వణుకూ కంగారూ తగ్గించే మాత్రలు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చి చూసుకున్నారు, వారానికి మనిషయ్యాడు. ఇంకో రోజు ఆగి ఉంటే మాత్రం ఆయన ఉండేవాడు కాదనుకుంటాను. ఇంకోటి, ఇలాంటప్పుడు ఊళ్ళో నీరసమని గ్లూకోజు బాటిల్ పెట్టేస్తారు, రోజూ తాగేవాడికి బి1 ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మీ ఊరి ఆర్ఎంపీకి ఈ మాట చెప్పండి.

కాబట్టి ఒట్లు వేయించే ముందే ఊళ్ళో రోజూ తాగేవాళ్ళు ఎవరో ఆశా వర్కరుతో, ఏఎన్ఎంతో కూర్చుని తెలుసుకోండి, వాళ్ళని జిల్లా పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళడానికి ఒక ఆటో, తోడు ఒక మనిషి ఏర్పాటు చెయ్యండి. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా సర్వజన ఆసుపత్రికి వెళ్తే దారి చూపిస్తారు.

ఇందులోనే ఇంకో తప్పు జరుగుతుంది. మెడికల్ షాపులో అడిగి "మందు మానిపించే మాత్ర" తెచ్చి భర్తకి తెలీకుండా పులుసులో కలిపేస్తారు. పాపం వాళ్ళ బాధ నాకు తెలుసు, రాత్రిళ్ళు దెబ్బలు తిన్న మనిషి ఏదో ఒకటి చేస్తుంది. కానీ ఆ డైసల్ఫిరామ్ మాత్ర కడుపులో ఉండగా మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు. అది మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు పరీక్షలు చేశాక మాత్రమే ఇవ్వాల్సిన మాత్ర. పసరు మందులూ అంతే, దేనిలో ఏముందో ఎవరికీ తెలీదు. మహిళా సంఘం మీటింగులో ఈ ఒక్క విషయం చెప్పినా నీ కార్యక్రమం వృథా కాదు.

మాల వేసుకునే రోజులు మనకి మంచి అవకాశం. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాక 41 రోజులు ముట్టనివాళ్ళని ప్రతి ఊళ్ళోనూ చూస్తాం, మాల తీసిన సాయంత్రమే మళ్ళీ మొదలెట్టేవాళ్ళనీ చూస్తాం. ఆ 41 రోజుల్లో ఒంట్లోంచి మందు పోయింది, నిద్ర వస్తోంది, ఇంట్లో గొడవ లేదు, చేతిలో డబ్బులున్నాయి. గురుస్వామి చేత చెప్పించండి, మాల తీసే ముందే ఆ మనిషినీ భార్యనీ ఒకసారి కౌన్సిలర్ దగ్గర కూర్చోబెట్టండి, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎక్కడుంటాడో ముందే అనుకోండి. భజనకి వెళ్తాడా, పిల్లల్ని ట్యూషన్ నుంచి తెస్తాడా, ఏదో ఒకటి. ఖాళీగా అదే రచ్చబండ మీద అదే నలుగురితో కూర్చుంటే మాత్రం నిలబడడం కష్టం. రోజూ బాగా తాగేవాళ్ళయితే మాల వేసుకునే ముందే డాక్టర్ని కలవాలి, పైన చెప్పిన కారణమే.

మహిళా సంఘాలని పక్కన పెట్టి మీ కుర్రాళ్ళే చేసేద్దాం అనుకోవద్దు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు వాళ్ళ ఊరి సారా కొట్టు మూయించారు, అక్కడి నుంచే రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలించేశారు, అది వేరే కథ, నాకు మాత్రం దూబగుంట నుంచి తీసుకోవాల్సింది ఒకటి కనిపిస్తుంది, ఆ ఆడవాళ్ళు ముందు తమలో తాము చెప్పుకున్నారు, ఎవరింట్లో ఎంత పోతోందో. మీ ఊరి గ్రామ సమాఖ్య మీటింగులో కూడా ఇంటికి నెలకి మందుకి ఎంత పోతోందో వాళ్ళే వేసుకోనివ్వండి, డ్వాక్రా అప్పు కిస్తీతో పక్కపక్కన రాయనివ్వండి. ఉపన్యాసం అక్కర్లేదు, ఆ రెండు అంకెలు చూసి వాళ్ళే లేస్తారు.

ఒట్టి నిషేధం మీద కూడా అంత ఆశ పెట్టుకోవద్దు. మనది ఒడిశా సరిహద్దు, ఇచ్ఛాపురం వైపు నుంచో పాతపట్నం వైపు నుంచో సరుకు వస్తూనే ఉంటుంది, కొండల్లో నాటు సారా ఉండనే ఉంది. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి ఎంతమంది పోయారో గుర్తుందా, బానిసైనవాడికి వైద్యం లేకుండా సీసా ఒక్కటే తీసేస్తే ఇంకేదో తాగుతాడు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం లాంటి షెడ్యూల్డు ప్రాంతాల వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు పీసా చట్టం 1996 ఉంది, మత్తు పదార్థాల అమ్మకం ఆపే అధికారం గ్రామసభకి ఇచ్చింది, తీర్మానం రాసి వాడుకోండి. మైదానం ఊళ్ళలో ఆ బలం లేదు గానీ బెల్టు షాపు ఎక్కడైనా చట్టవిరుద్ధమే, గ్రామసభ తీర్మానం కాపీతో ఎక్సైజ్ స్టేషన్‌కి పదిమంది ఆడవాళ్ళు వెళ్తే కదలిక ఉంటుంది. ఒక్కడివే వెళ్ళి ఫిర్యాదు చెయ్యకు, నీ పేరు ఊళ్ళోకి వచ్చేస్తుంది.

స్కూల్ మీటింగుకి వస్తే, కుళ్ళిన కాలేయం ఫొటోలు చూపించి భయపెట్టే పద్ధతి మానేయండి. పద్నాలుగేళ్ళ వాడికి యాభై ఏళ్ళప్పుడు వచ్చే రోగం అంటే వినపడదు. ఈ ఆదివారం జరిగేది చెప్పండి, తాగి బండి నడిపితే ఏమవుతుంది, తాగి పడిపోయినప్పుడు ఎవడో వీడియో తీసి గ్రూపుల్లో పెడితే ఏమవుతుంది. మైనర్ బండి నడిపి దొరికితే కేసు తండ్రి మీదకి వస్తుంది, మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా, వాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఆర్మీ సెలక్షన్లకి పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో చూడు, వాళ్ళలో ఒకణ్ణి తెచ్చి రాత్రి తాగితే పొద్దున్న 1600 మీటర్లు ఎలా ఉంటుందో చెప్పించు, నా మాట కంటే వాడి మాట వింటారు.

ఆ తర్వాత వద్దని చెప్పడం ప్రాక్టీసు చేయించండి, నిజంగా ఇద్దర్ని నిలబెట్టి. ఒకడు బావ, ఒకడు బావమరిది. "తాగరా, మగాడివి కాదేటి" అని వాడు అంటాడు, వీడు ఏం చెప్పాలి? మొదట అందరూ నవ్వుతారు, నవ్వనీ. నాలుగోవాడికి వచ్చేసరికి "రేపు గ్రౌండ్ ఉంది బావా, థమ్సప్ పొయ్యి" లాంటి మాటలు వాళ్ళే కనిపెడతారు. నోటికి అలవాటైన మాట ఉంటే ఆ రోజు పనికొస్తుంది.

ఐస్‌లాండ్ అనే చిన్న దేశంలో 1998లో 15, 16 ఏళ్ళ పిల్లల్లో ముందు నెలలో తాగి మత్తెక్కినవాళ్ళు 42 శాతం ఉంటే 2016కి 5 శాతానికి వచ్చింది. వాళ్ళు చేసింది తల్లిదండ్రులంతా ఒక ఒప్పందం మీద సంతకం పెట్టడం, రాత్రి పొద్దుపోయాక పిల్లలు ఒంటరిగా బయట ఉండకుండా చూడడం, ఆటలకీ సంగీతానికీ డబ్బు పెట్టడం. మనకి అంత డబ్బు లేదు, కానీ సంతకాల కాగితానికి ఖర్చు లేదు, స్కూలు గ్రౌండులో రెండు లైట్లు వేసి రాత్రి ఎనిమిది దాకా వాలీబాల్ ఆడించడానికి పంచాయతీ ఒప్పుకుంటుంది. సాయంత్రం ఆడుకునే చోటుంటే తోటలోకి వెళ్ళేవాళ్ళలో కొందరైనా అటు వస్తారు.

నీకు నచ్చకపోయినా ఒకటి అడగాలి, మీ యువజన సంఘంలో వినాయక నిమజ్జనానికి తాగి డాన్సులు చేసేవాళ్ళు ఉన్నారా? ఉంటే ముందు అది మీలో మీరు తేల్చుకోండి. మీ కింద తరగతి పిల్లలు చూసేది మిమ్మల్నే. ఈ ఏడాది నిమజ్జనం మందు లేకుండా చేస్తామని మీ సంఘమే ముందు ప్రకటిస్తే పెద్దవాళ్ళ మీటింగులో మీ మాటకి బరువుంటుంది.

పండగ రోజుకి ఇంకో ఏర్పాటు. తాగి పడిపోయిన పిల్లాడిని ఏం చెయ్యాలో నలుగురు వాలంటీర్లకి నేర్పండి. పిలిస్తే పలకకపోతే, ఊపిరి నెమ్మదిగా ఉంటే, పెదాలు నీలంగా ఉంటే, ఒళ్ళు చల్లబడితే వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వెల్లకిలా పడుకోబెడితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు నీళ్ళు నోట్లో పొయ్యకూడదు, వేలు పెట్టి కక్కించకూడదు, తల మీద బిందెడు నీళ్ళు గుమ్మరించకూడదు. ఒంటరిగా వదిలి పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకూడదు. పిల్లలకి రక్తంలో చక్కెర త్వరగా పడిపోతుంది, పెద్దవాళ్ళకంటే తక్కువ తాగినా ప్రమాదమే. ఇంట్లో తెలిస్తే కొడతారని దాచిపెట్టే ఫ్రెండ్సే ఎక్కువ, అందుకని స్కూల్లోనే చెప్పండి, అంబులెన్సు పిలిచినవాణ్ణి ఎవరూ ఏమీ అనరని, ఆ మాట హెడ్మాస్టరు నోటితో చెప్పించండి.

చివరిగా ఫ్లెక్సీల సంగతి అడిగావు కదా, నాలుగు వద్దు, ఒక్కటి చాలు. నినాదాలు, నాయకుల ఫొటోలు వెయ్యకండి, ఫొటో వేస్తే ఆ పార్టీ ఫ్లెక్సీ అయిపోతుంది, అవతలి వాళ్ళు రారు. నంబర్లు పెద్ద అక్షరాలతో వెయ్యండి: మానసిక సాయానికి టెలీమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, మత్తు మానడానికి 14446, పిల్లల కోసం 1098, ఇంట్లో కొడుతుంటే ఆడవాళ్ళకి 181. కింద ఆసుపత్రికి తోడు వచ్చేవాళ్ళ ఫోన్ నంబర్లు రెండు, ఒక మగ, ఒక ఆడ. రచ్చబండ దగ్గర కట్టకండి, అందరి ముందూ నిలబడి ఎవరూ నంబరు రాసుకోరు. రేషన్ దుకాణం గోడ మీద, నీళ్ళ ట్యాంకు దగ్గర కట్టండి, ఆడవాళ్ళు లైన్లో నిలబడినప్పుడు చదువుకుంటారు. పెద్దవాళ్ళ మీటింగు పండగకి కనీసం నెల ముందు పెట్టు, చుట్టాలకి ఫోన్లు వెళ్ళకముందే ఊరు ఒక మాట మీదకి రావాలి. చీటీల పద్ధతి ఎలా నడపాలో, సంతకాల కాగితంలో ఏం రాయాలో కావాలంటే కింద అడుగు, మేము వాడేది టైప్ చేసి పెడతాను.